ఏ ఆల్బమ్‌లోనూ లేని పాట

మా ముగ్గురికీ చుట్టరికం ఆ బ్యాండే. నేను జగ్గయ్యపేటలో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తా. టీచరక్కది నందిగామ. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తుంది. బాబాయ్ ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జి. నలభై దాటాయి, జుట్టు పలచబడింది, అయినా గిటార్ మోగితే ఆయన కాలు ఊరుకోదు. నిజానికి ఆయన నాకు బాబాయీ కాదు, ఆవిడ అక్కా కాదు.

విజయవాడ కుర్రాళ్ళు నలుగురు కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండ్ అది. సినిమా పాటలు పాడరు. సొంతంగా రాసుకుని, సొంతంగా రికార్డు చేసి వదులుతారు. వాళ్ళ అభిమానులకో వాట్సాప్ గ్రూపుంది. ఒకరోజు అందులో అక్క, "నందిగామ బైపాస్ మీద బస్సు కిటికీ పక్కన కూచుని మూడో పాట వినండి, లారీల హారన్లు కూడా పాటలోవే అనిపిస్తాయి" అని రాసింది. మా వైపు మనిషే అని పలకరించా. ఆ వెనకే బాబాయ్ కూడా కలిశాడు.

అప్పట్నుంచి వీలైన ఆదివారమల్లా నందిగామలో ఒక బేకరీ దగ్గర కలుస్తున్నాం. గొడవ ఎప్పుడూ ఒకటే. మొదటి ఆల్బమ్ గొప్పదా, రెండోదా? మొదటిది ఎవరి ఇంట్లోనో గదిలో రికార్డు చేశారు, వెనకాల ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. "అదీ ప్రాణమంటే! రెండోది స్టూడియోలో ఉతికి ఇస్త్రీ చేశారు" అనేవాడు బాబాయ్. "ఉతికితే తప్పేంటండీ, ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయి" అనేది అక్క. ఆవిడకి మాటలు ముఖ్యం. చర్చిలో క్వయర్‌లో పాడుతుంది, ఒక్కసారి వింటే ఏ పాటైనా పట్టేస్తుంది.

కంచికచర్ల దగ్గర ఒక కాలేజీ ఫెస్ట్‌కి ఆ బ్యాండ్ వస్తోందని తెలిసినప్పుడు ముగ్గురం ఎగిరి గంతేశాం. వాళ్ళని ఎదురుగా చూడడం మాకదే మొదటిసారి. షో సాయంత్రం నాలుగింటికి పెట్టారు. ఎండింకా తగ్గలేదు. పిల్లలంతా తర్వాత వచ్చే డీజే కోసం ఎదురుచూస్తున్నారు. ముందువరసలో నిలబడింది మాలాంటి కొద్దిమందే. స్టేజీకి ఎదురుగా పెద్ద కాలేజీ బిల్డింగు ఉండడంతో, పాడిన ప్రతి మాటా గోడకి కొట్టుకుని కాసేపటికి మా వీపు వెనక నుంచి తిరిగొస్తోంది. వెనక ఇంకో బ్యాండ్ ఉండి ఆలస్యంగా పాడుతున్నట్టుంది. ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశా కూడా.

తెలిసిన పాటలన్నీ అయ్యాక పాడే అబ్బాయి మైకు దగ్గరికొచ్చి, "ఇప్పుడు పాడేది ఏ ఆల్బమ్‌లోనూ లేదండి. ఎక్కడా పాడలేదు. పేరు కూడా పెట్టలేదు" అన్నాడు.

బాబాయ్ ఈల వేశాడు. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టా. గిటార్ ఒక్కటే మెల్లగా ఎత్తుకున్నారు. జోలపాటలా ఉంది. అప్పుడు నా పక్కనుంచి సన్నగా వినపడింది:

*లాంతరు తేకే రేవులోకి*
*నీళ్ళు నిద్దరపోయాయి*

గోడ మీదనుంచి తిరిగొచ్చిన గొంతే అనుకున్నా ముందు. కానీ అది వెనక రావాలి కదా. ఇది ముందొచ్చింది. స్టేజీ మీద ఆ అబ్బాయి ఇంకా నోరు తెరవలేదు. పాడుతున్నది టీచరక్క. అక్క పాడిన మాటే ఆ తర్వాత అబ్బాయి పాడాడు, ఆ తర్వాత గోడ పాడింది.

*మెల్లగ దిగవే మెట్లమీద*
*చేపలు లేస్తాయి*

అంత ఎండలో నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అక్క మొహంలో మాత్రం ఆశ్చర్యం లేదు. పదాలు వాటంతటవే వస్తున్నట్టు పాడుతోంది. మొదటి చరణం అయిపోయింది. గిటార్ కాసేపు మోగి రెండో చరణం ఎత్తుకుంది. అక్క ఆగిపోయింది. ఇప్పుడు అబ్బాయి ఒక్కడే పాడుతున్నాడు:

*గడియ తియ్యకే గదిలోంచి*
*చెప్పులు బయటే ఉన్నాయి*
*గొంతు రాకుంటే ఏమైందే*
*పిలిచింది విన్నాలే*

అక్క నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. పాట అయిపోయి అందరూ చప్పట్లు కొడుతుంటే నా చెవి దగ్గరికి వంగి, "అది మా అన్న పాట" అంది.

"మీకు అన్న ఉన్నాడని ఎప్పుడూ చెప్పలేదే?"

"లేడు. నేను ఆరో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి పోయాడు. కరెంటు పోయినప్పుడు భయపడుతున్నానని నాకోసం కట్టాడు ఆ పాట. మా ఇంటి బయట ఎవరికీ తెలీదు."

షో అయ్యాక బ్యాండ్ వాళ్ళు వైర్లు చుట్టుకుంటుంటే స్టేజీ వెనక్కి వెళ్ళాం. బాబాయ్ ముందుండి పలకరించాడు. ఆ కొత్త పాట ఎవరు రాశారని అడిగితే పాడే అబ్బాయి నవ్వి, డ్రమ్స్ వాయించే అతన్ని చూపించాడు. "వీడు తెచ్చాడండి. అడిగితే సరిగ్గా చెప్పడు."

డ్రమ్స్ అబ్బాయి బక్కగా ఉన్నాడు, మాట మెత్తన. చేతిలో స్టిక్స్ పక్కన పెట్టి చెప్పాడు.

"పోయిన వానాకాలం నాకు డెంగీ వచ్చిందండి. విజయవాడలో ఆసుపత్రిలో పడున్నా. పక్క బెడ్ మీద ఒకాయన మధ్యాహ్నం పూట ఈ పాట పాడుకునేవాడు. మధ్యలో కర్టెన్ ఉండేది, మనిషిని చూడలేదు. కుర్రాడి గొంతే. పాట బాగుందండీ, ఎవరిదని అడిగా. మా చెల్లికి కట్టిందన్నాడు. ఇంకోరోజు ఆయనే పిలిచి, రెండో చరణం ఇప్పుడే కట్టా, విని ఎట్లా ఉందో చెప్పమన్నాడు."

పేరు అడగాలో, ఊరు అడగాలో, ఏమడగాలో నాకు తోచలేదు. అక్కే అడిగింది, ఎదురింటి వాళ్ళని అడిగినట్టు.

"ఆయనకి జ్వరం తగ్గిందా?"

"తగ్గిందనే అనుకుంటానండి. ఒకరోజు లేచి చూస్తే పక్క దులిపేసి, కొత్త దుప్పటి పరిచి ఉంది. ఇంటికెళ్ళిపోయి ఉంటాడు."

"మంచిది" అంది అక్క.

ముగ్గురం బస్సెక్కి వెనక్కి బయల్దేరాం. నందిగామలో దిగేటప్పుడు అక్క నా భుజం మీద చెయ్యేసి, "జాగ్రత్తగా వెళ్ళమ్మా" అంది.

తర్వాత ఆదివారం బేకరీలో వీడియో పెట్టుకుని చూశాం. నా పొరపాటేమో అనుకుంటూనే ఉన్నా అప్పటిదాకా. పొరపాటు లేదు. అక్క గొంతు ముందు, అబ్బాయి గొంతు వెనక. బాబాయ్ మళ్ళీ మళ్ళీ వేయించాడు. ఆయనకి ఫ్యాక్టరీలో ఏ మిషను ఎందుకాగిందో తేలేదాకా నిద్రపట్టదు, ఇదీ అంతే.

"ఆసుపత్రిలో పాడింది మీ అన్నతో చదువుకున్నవాడెవడో అయుంటాడు టీచర్‌గారూ. పాట నేర్చుకుని ఉంటాడు. రెండో చరణం వాడే కట్టి ఉంటాడు."

"అయుండొచ్చండి" అంది అక్క. టీ గ్లాసు పక్కన పెట్టి, "కానీ గడియ సంగతి?" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ళన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజు, జ్వరం అంటుకుంటుందని చిన్నపిల్లని గదిలో ఉంచి లోపల గడియ పెట్టుకోమన్నారట. బయట ఆటో చప్పుడు, అమ్మ ఏడుపు వినపడుతున్నాయి. తలుపుకి నోరు ఆనించి అన్నని పిలుద్దామనుకుంది. గొంతు పెగల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి. అతను మళ్ళీ రాలేదు. చెప్పులు వేసుకోకుండానే ఎత్తుకుని తీసుకెళ్ళారు కాబట్టి, అవి చాలాకాలం గుమ్మం బయటే ఉండిపోయాయి.

"చెప్పుల సంగతి వీధిలో అందరికీ తెలుసు. నేను పిలిచిన సంగతి ఎవరికీ తెలీదండి. పిలిచానని నాకే నమ్మకం లేదు ఇన్నాళ్ళూ."

బాబాయ్ వీడియో ఆపేశాడు. ఫోన్ నా వైపు జరిపి, కళ్ళు తుడుచుకున్నాడు.

పాట ఎవరిదో మేం చెప్పాక బ్యాండ్ వాళ్ళు అక్క అనుమతి అడిగి ఆ పాటని మూడో ఆల్బమ్‌లో పెట్టారు. మూడో చరణం ఏమైనా ఉందా అని కూడా అడిగారు. తనకి తెలిసి లేదంది. ఆల్బమ్ వచ్చాక గ్రూపులో మామూలు గొడవే. డ్రమ్స్ లేకుండా రాక్ పాటేంటని ఒకరు, ఆల్బమ్ మొత్తానికి ఇదొక్కటే పాటని ఇంకొకరు. మేం ముగ్గురం ఏమీ రాయలేదు.

ఆ వారం అక్క వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. బాబాయ్‌కి షిఫ్టుండి రాలేదు, నేనే వెళ్ళా. వాళ్ళమ్మకి వినిపించాలి, ఒక్కదానికే ధైర్యం చాలట్లేదంది. పెద్దావిడ వంటింట్లో నేల మీద కూచుని గోంగూర వలుస్తోంది. అక్క ఫోన్ పక్కన పెట్టి పాట వేసింది. మొదటి చరణానికి ఆవిడ తల ఎత్తలేదు, చేతులు మాత్రం నెమ్మదించాయి. రెండో చరణం మొదలవగానే ఆకు పక్కన పెట్టేసి వింది. ఆవిడ ఏడుస్తుందనుకున్నా. కేకలేస్తుందేమో, గుండెలు బాదుకుంటుందేమో అనుకుని కొంచెం ముందుకి జరిగా కూడా.

పాట ఆగిపోయాక, "పూర్తి చేశాడన్నమాట" అంది. "సగంలో వదిలేశాడని అనుకునేదాన్ని."

మళ్ళీ ఆకు చేతిలోకి తీసుకుంది. ఇంకోసారి పెట్టమంది. అక్క పెట్టింది. ఆ ఇంట్లో నలుగురం కూచుని వింటున్నట్టు అనిపించింది నాకు. ఉన్నది ముగ్గురమే.

సాయంత్రం అక్క నన్ను బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చింది. జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉంటే, వచ్చే నెల ఖమ్మంలో బ్యాండ్ షో ఉందట, వస్తావా అని అడిగింది. బాబాయ్ అప్పుడే షిఫ్టు మార్చుకున్నాడట.

"వస్తానక్కా. మళ్ళీ అవే పాటలేగా?"

"ఏమో" అంది, రోడ్డు వైపు చూస్తూ. "కొత్తదేమైనా పాడతారేమో."