మార్కెట్ దాకా పోయి రండి

ఈ ఉదయం మెట్రోలో నా పక్కన కూర్చున్న పెద్దాయన చెవిలోంచి సన్నని ఈల వినిపించింది. వినికిడి యంత్రం కూత అది. తను బయటికి వదిలిన శబ్దాన్నే మళ్లీ విని, మళ్లీ పెంచుతుంటే అలా కూస్తుంది. బోగీ అంతా తిరిగి చూస్తోంది, ఆయనకు మాత్రం తెలియదు. సులోచన మేడమ్ ఉంటే "రమేశ్, గా పిట్టను జర దించు" అనేవారు. నాకు నవ్వొచ్చింది.

అబిడ్స్‌లో, మెట్లెక్కి వెళ్లే చోట, ఆమెది వినికిడి యంత్రాల దుకాణం. ఇంటర్‌తో చదువు ఆపి అందులో పనికి చేరాను. లెక్కలంటే పిచ్చి. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత లెక్కల పుస్తకాలు కొని సొంతంగా కుస్తీ పట్టేవాణ్ని. చెవి పరీక్ష కాగితం చూసి, యంత్రంలోని చిన్న మరను ఎంత తిప్పాలో ఒకేసారి తేల్చేయాలని నా పంతం. మేడమ్ నా లెక్క చూసి, "మంచిగుంది. ఇగ మార్కెట్ దాకా పోయి రమ్మను" అనేవారు. యంత్రం పెట్టుకున్న ప్రతివాళ్లనూ మొజంజాహీ మార్కెట్ రద్దీలోకి పంపడం ఆమె అలవాటు.

ఆ మార్కెట్లోనే పండ్లమ్మే యాదమ్మను ఒక సోమవారం కొడుకు నర్సింహ తీసుకొచ్చాడు. "గిరాకీ ఒకటడిగితే ఇంకోటిస్తుంది మేడం. ఆదివారం దాకా చూస్త. కాకుంటే ఇంట్ల కూసోబెడ్త."

యాదమ్మకు మాట వినబడలేదు గానీ కొడుకు ముఖం అర్థమైంది. "ఏందంటుండు? ఇంట్ల కూసోమంటుండా? వీడు పుట్టకముందుకెళ్లి నేను గాడ కూసున్న!"

నా లెక్క ప్రకారం మర తిప్పి మార్కెట్‌కు పంపాను. కాసేపటికే యంత్రాన్ని పిడికిట్లో పట్టుకుని తిరిగొచ్చింది. "బస్సు హారన్ కొడ్తే పుర్రె పలిగినట్టయింది బిడ్డా!" ఆమె ఎంత బాధ చెప్పిందో అంతా తగ్గించాను. మళ్లీ వచ్చింది. "ఇప్పుడు నిమ్మళం. నా కొడుకు తిట్టేది సుత వినొస్తలేదు." పెంచాను. కూత మొదలైంది.

మేడమ్ నా చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. "రెండు షరతులున్నయ్ రమేశ్. కూత పెట్టొద్దు, అది మన టేబుల్ కాడ. మాట వినాలె, హారన్ గుచ్చొద్దు, అది మార్కెట్ల. తిప్పేది ఈడ, తెలిసేది ఆడ. ఆడికెళ్లి ఆమె ఎంత తప్పు మోసుకొస్తే, అండ్ల సగమే తిప్పు. కూత పెడ్తే, ఆగేదాకా ఎనకకు రా. మళ్ల పంపు."

"ఎన్నిసార్లు మేడమ్?"

"నీ చేతికి పని లేకుండయ్యేదాకా."

ఆ వారమంతా యాదమ్మ ఒక ఫిర్యాదు, ఒక పండు పట్టుకుని మెట్లెక్కేది. జామకాయ, బత్తాయి, సీతాఫలం. పండు మారేది, ఫిర్యాదు చిన్నదయ్యేది. శనివారం నాటికి మిగిలింది పక్క కొట్టులోని జ్యూస్ మిషన్ గరగర ఒక్కటే. కొద్దిగా తిప్పి పంపాను.

ఆదివారం ఆమె రాలేదు. నర్సింహ ఇంట్లో కూర్చోబెట్టేశాడనే అనుకుని, మేడమ్‌తో పాటు మార్కెట్‌కు పరుగెత్తాను.

యాదమ్మ తన గోనెపట్టా మీదే ఉంది. మా కళ్లముందే నర్సింహ ఆమె వెనక్కి చేరి, గొంతు మార్చి, మెల్లగా అడిగాడు: "అమ్మా, దానిమ్మలెట్ల?"

ఆమె తల తిప్పలేదు. "నీకైతే ఫిరీ. గుసగుసలు బంద్ చేసి అరటిగెల దించుపో."

నర్సింహ నవ్వుతూ గెల దించడానికి వెళ్లాడు. మేడమ్ ఆమె దగ్గరికి వెళ్లి అడిగారు, "దుకాణంకెందుకు రాలే యాదమ్మా?"

"వచ్చి ఏం చెప్పాలె మేడం? చెప్పనీకి ఏం లేదు."

నేను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాను.

కొన్నేళ్లకు ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక పుస్తకంలో అచ్చంగా ఈ పద్ధతే కనిపించింది. ఇక్కడొక హద్దు, అక్కడొక హద్దు, అక్కడి తప్పులో కొంత తెచ్చి ఇక్కడ సరిదిద్దడం. ఎంత సరిదిద్దబోయినా ఇక కదలని చోటే జవాబు. దానికి స్థిర బిందువని పేరు. పట్టలేని సంతోషంతో మెట్లెక్కి చూపించాను. మేడమ్ ఆ గుర్తులన్నీ ఓపిగ్గా చూసి అడిగారు, "అంత మంచిగనే ఉంది. ఈ పుస్తకంల పండ్లు లెవ్వా?"

మేడమ్ ఇప్పుడు లేరు. దుకాణం నేను చూసుకుంటున్నాను. మరలు పోయి, ఫోన్‌తో సవరించే యంత్రాలు వచ్చాయి. మెట్రోలో కలిసిన పెద్దాయన, కూత సంగతి నేను సైగలతో చెబితే, నాంపల్లిలో నాతో పాటే దిగి దుకాణానికి వచ్చారు. కూత ఆపి, ఆయన చెప్పిన బాధలో సగం తీర్చాను.

"అయిపోయిందా?" అన్నారు.

"ఇంకా లేదు సార్. మార్కెట్ దాకా పోయి రండి."

వెళ్లారు. ఆయన ఏ ఫిర్యాదు తెస్తారో అని మెట్ల వైపు ఒక చెవి వేసి కూర్చున్నాను.