బస్తా ఇచ్చిన ఇల్లు

పలాసలో కాశీబుగ్గ వైపున, జీడి కార్ఖానాల పొగ సాయంత్రమయ్యేసరికి ఇళ్ళ కప్పుల మీదికి వాలే ఒక వీధిలో, ఇవాంజెలిన్ అనే ఇల్లాలు తన భర్తతో కాపురముంటున్నది. ఆమె స్వస్థలం పాలకొల్లు. భర్త విజయ్ కుమార్ విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగుతూ సగం జీవితం గడిపిన పిమ్మట, ఎట్టకేలకు లైన్ ఇన్‌స్పెక్టరుగా పదోన్నతి పొందాడు. ఆ పదోన్నతితోపాటే పలాసకు బదిలీ కూడా వచ్చింది. ఒక్కగానొక్క కుమార్తె కాకినాడలో నర్సింగు చదువుతున్నందువల్ల ఇంట్లో మిగిలినది ఆ దంపతులిద్దరే. ఆయన ఉదయం టిఫిను డబ్బాతో బయలుదేరితే చీకటి పడ్డాక గాని ఇల్లు చేరడు. ఆ నడుమ కాలమంతా ఆమెకు గోడలే తోడు.

పాలకొల్లులో ఆమె వంటింట్లో పోపు వేస్తే, అది ఏ కూరో పక్కింటివారు చెప్పగలిగేవారు. ఇక్కడ ఆమె పేరు సైతం ఎవరికీ తెలియదు. వీధిలో ఆమె ఇంటికి "కరెంటోరి ఇల్లు" అని పేరు. దీపాలు ఆరిపోయిన రోజున మాత్రమే ఆమె గేటు దగ్గర నాలుగు గొంతులు వినిపించేవి.

"అమ్మా, మీ ఆయనున్నాడేటి? కరెంటెప్పుడొత్తాది?"

"ఆయన ఇంకా రాలేదండి. లోపలికి రండి, కాస్త టీ తాగి వెళ్దురు గాని."

"టీ ఏలమ్మా, ఫేనాడితే సాలు" అని వారు వెళ్ళిపోయేవారు. దీపం వెలిగిన తరువాత కరెంటు వచ్చిందని చెప్పడానికైనా ఎవరూ తిరిగి వచ్చేవారు కారు.

ఆమె ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. భావనపాడు నుండి చేపల తట్టతో వచ్చే నీలవేణిని మాటల్లోకి దించాలని, ఒకనాడు ఎంతో మర్యాదగా అడిగింది.

"ఈ చేప ఎంతండి? తాజాదేనాండి?"

నీలవేణి తట్ట దించుతూ పకపక నవ్వింది. "ఓలమ్మ, సేపకి కూడా అండీయేనేటి? దానికి మరియాద అక్కర్లేదమ్మా, ఉప్పూ కారం ఎట్టు సాలు."

చుట్టూ చేరిన ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వులో ద్వేషమేమీ లేదు గాని, అందులో కలవడం ఇవాంజెలిన్‌కు చేతకాలేదు. చేప తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక ఆమెకు మిగిలిన ఆశ మందిరమొక్కటే. ఆ పేటలోని బాప్టిస్టు సంఘంలో ఒక ఆచారం ఉన్నది. ఇల్లాలు అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ, కొలుచుకొన్న బియ్యంలోనుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం తరఫున ఇద్దరు ఇంటింటికీ తిరిగి, ఆ కుండలను ఒక సంచిలోకి వంపుకొంటారు. ఒక ఇంటి సన్నబియ్యం, ఒక ఇంటి రేషను బియ్యం, మరొక ఇంటి ఉప్పుడు బియ్యం అన్నీ ఆ సంచిలో ఏకమవుతాయి. ఆదివారం ఆ మూటను మందిరంలో వేదిక దగ్గరి బల్ల ముందు ఉంచి ప్రార్థన చేసి, దిక్కులేని ముసలివారికి పంచుతారు. పాలకొల్లు మందిరంలోనూ పూర్వం ఈ పద్ధతి ఉండేదట. ఇవాంజెలిన్‌కు బుద్ధి తెలిసేనాటికి మాత్రం అది నెలకొకసారి కవరులో పెట్టి ఇచ్చే కానుకగా మారిపోయింది.

అందువల్ల, కాపురం పెట్టిన తొలి శనివారం ఇద్దరు స్త్రీలు సంచితో గుమ్మం ముందు నిలిచినప్పుడు ఆమె కంగారు పడింది. అప్పటికి సామానుల మూటలు కూడా విప్పలేదు. వచ్చినవారిలో పెద్దామె సత్యమ్మ, కార్ఖానాలో జీడిపప్పు ఒలిచి ఒలిచి వేళ్ళ కొసలు నల్లబడిన మనిషి. రెండవది ఆమె మేనకోడలు లిల్లీ, బట్టల దుకాణంలో పనిచేసే చిన్నది.

"పిడికిలి బియ్యం, తల్లీ" అన్నది సత్యమ్మ.

"అయ్యో, నేను తీసి ఉంచలేదండి. వారం వారం మీకీ శ్రమ ఎందుకండి? నేనే పంపించేస్తానండి, ఆయ్" అన్నది ఇవాంజెలిన్.

సత్యమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, "సరేనమ్మా" అని వెనుదిరిగింది.

అన్న మాట ప్రకారం ఇవాంజెలిన్ మరుసటి వారంలోనే బజారుకు వెళ్ళి, మేలురకం సన్నబియ్యం బస్తా ఒకటి కొని, ఆటోలో మందిరానికి పంపించింది. ఆదివారం పాస్టరుగారు వేదిక మీదినుండి ఆమెను పేరు పెట్టి పిలిచి, ఏడాదికి సరిపడు పిడికిలి బియ్యం ఒక్కసారే సమర్పించిన సహోదరి అని కొనియాడారు. అందరూ తలలు తిప్పి చూశారు. కొత్త ఊరిలో తొలి అడుగు చక్కగా పడినదని ఆమె సంతోషంతో తల వంచుకొన్నది.

ఆ తరువాతి శనివారం ఆమె పకోడీలు వేయించి, నాలుగు కప్పులు కడిగి పెట్టుకొని కూర్చున్నది. పక్కింటి గుమ్మంలో సత్యమ్మ గొంతు వినిపించింది. ఎవరి అల్లుడి మీదనో వేళాకోళం, దాని మీద ఒక నవ్వు. పిమ్మట చెప్పుల చప్పుడు ఆమె గేటు వరకు వచ్చి, ఆగకుండా ముందుకు సాగి, అవతలి ఇంటి ముందు నిలిచింది. ప్రతి శనివారమూ ఇదే తంతు. మొదట మరచిపోయారనుకొన్నది. తరువాత తన మాటతీరు నచ్చలేదనుకొన్నది. చివరకు తానే నచ్చలేదని నిశ్చయించుకొన్నది. మందిరంలో "వందనాలమ్మా" అంటే "వందనాలు" అనేవారు. అంతకు మించి ఒక్క మాట లేదు.

వినాయక చవితి పందిళ్ళు వేసిన వారంలో ఆమెకు విషజ్వరం వచ్చింది. విజయ్ కుమార్ గాలివానకు తెగిన తీగల వెంట నౌపడ వైపు తిరుగుతుండగా, ఆమె మంచం మీద ఒక్కతే పడి ఉన్నది. ఆ శనివారం కూడా చెప్పుల చప్పుడు గేటు దాటి పోయింది. మంచినీళ్ళ చెంబు అందుకోలేక ఆమె ఏడ్చింది. జ్వరం తగ్గింది గాని, ఆ దుఃఖం తగ్గలేదు. నవ్వడం మానివేసింది. ఫోనులో చెల్లెలితో మాట్లాడేటప్పుడు తప్ప ఆమె గొంతు ఆ ఇంట్లో వినబడకుండా పోయింది.

భర్త ఇదంతా కనిపెడుతూనే ఉన్నాడు. ఒక శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర మెల్లగా విషయమెత్తాడు.

"పాలకొల్లులో నా పాత పోస్టు ఖాళీగానే ఉందంట. పదోన్నతి వద్దని రాసిస్తే వెనక్కి పంపుతామన్నారు ఏ.ఈ. గారు. సోమవారం చెప్పాలి."

"మళ్ళీ లైన్‌మన్‌గానా?"

"అయితే ఏంటంట? ఇన్‌స్పెక్టరు కాకపోతే అన్నం అరగదా? నిన్నిలా చూళ్ళేకపోతన్నాను."

అలా అని ఆయన చేయి కడుక్కోవడానికి లేచాడు. లేస్తూ, అలవాటు ప్రకారం, కుడి మోకాలిని రెండు చేతులతో నొక్కిపట్టుకొన్నాడు. ఆ మోకాలితో ఆయన మళ్ళీ స్తంభాలెక్కాలి. అది కూడా తన కోసం. ఇవాంజెలిన్‌కు ఆ రాత్రి కంటిమీదికి కునుకు రాలేదు. ఈ ఊరు తనను ఎందుకు వెలివేసిందో ఒక్కసారైనా అడగకుండా, ఆయనను ఆ స్తంభం మీదికి ఎక్కించడం న్యాయం కాదని తెల్లవారేసరికి ఆమెకు తోచింది.

శనివారం సాయంత్రం ఆమె గేటు తెరిచి, వీధిలోనే నిలబడింది. సత్యమ్మ, లిల్లీ పక్కింటి మెట్లు దిగి వస్తున్నారు.

"సత్యమ్మగారండీ, ఒక్క మాటండి."

"ఏటమ్మా?"

"మీరు అందరి ఇళ్ళకూ వెళ్తారు. నా గేటు మాత్రం దాటిపోతారు. నేను చేసిన తప్పేంటో చెప్పండి. చెప్తే దిద్దుకుంటాను. లేదంటే ఈ ఊరు విడిచి వెళ్ళిపోతామండి."

సత్యమ్మ గేటు దగ్గరికి వచ్చింది. లిల్లీ సంచి మార్చి పట్టుకొన్నది.

"ఓలమ్మ! తప్పేటి, దిద్దుకోడమేటి? నువ్వే కదా రావద్దన్నావు?"

"నేనా? నేనెప్పుడన్నానండి?"

"మీకు శ్రమెందుకన్నావు. నానే పంపీత్తానన్నావు. అంటే ఏటర్దం? మా ఈదిలో అలగంటే గుమ్మం తొక్కొద్దనే. పోనీ, మాట తప్పావా? లేదు. ఏడాది బియ్యం ఒక్కపాలే పడీసినావు. ఇచ్చీసినోళ్ళింటికి మళ్ళీ సంచట్టుకుని ఏ మొకమెట్టుకుని రామంటావు?"

"నేను సాయమనుకున్నానండి."

"సాయమేనమ్మా, కాదనీసినోలెవులు?" అని సత్యమ్మ కాస్త ఆగింది. ఆ తరువాతి మాట ఎంతోకాలంగా లోపల అణచుకొన్నదై ఉండాలి. "ఆ ఆయితోరం నీ బస్తా పక్కన మా మూట ఎట్టినారు. నలబై ఇళ్ళ పిడికిళ్ళు కలిపిన మూట. నీ బస్తా సూసినాక దాని మొకం ఎవులు సూత్తారు? పాస్టరయ్య కూడా సూడలేదు. ఇంటికెళ్ళి ఏడిసినాను."

ఆ ఆదివారం తన తల సంతోషంతో వంగిన క్షణం ఇవాంజెలిన్‌కు కళ్ళకు కట్టింది.

"అత్తా, ఇప్పుడవన్నీ ఏల?" అని లిల్లీ చేయి పట్టి లాగింది.

"ఉండవే గుంటా. అడిగింది కాబట్టి సెప్తన్నాను. మావు బియ్యం కోసం తిరుగుతున్నామనుకుంటన్నావేటమ్మా? ఎవులింట్లో పొయ్యెలగలేదు, ఎవులు మంచమెక్కినారు, అది తెలవాలంటే గుమ్మంలోకెల్లాల. మొన్న రైల్వే గేటు కాడ ముసల్ది జారిపడితే, మావెల్లినాం కాబట్టి ఆస్పత్రికెల్లింది."

"నాకూ చవితి వారంలో జ్వరం వచ్చిందండి. మంచం దిగలేకపోయాను. మీ చెప్పుల చప్పుడు విన్నాను" అన్నది ఇవాంజెలిన్. నిందించాలని ఆమె అనలేదు. మాట దానంతట అదే వచ్చేసింది.

సత్యమ్మ ముఖం మారిపోయింది. నల్లని వేళ్ళతో ఇవాంజెలిన్ మణికట్టు పట్టుకొన్నది, ఆ జ్వరం ఇంకా ఉన్నదేమో చూస్తున్నట్లు.

"ఒక్కర్తివీ ఉన్నావా?"

"ఒక్కదాన్నేనండి."

"సంపీసినావు తల్లీ. ఒక్క కేక ఎయ్యలేకపోయినావా?"

"పిలిస్తే వస్తారో రారో అనుకున్నానండి."

"మావూ అంతే. ఎల్తే రమ్మంటావో పొమ్మంటావో అనుకున్నాం. నీకాడికొచ్చి మాటాడాలంటే ఈ లిల్లీకి బయ్యం. అద్దం ముందర నిల్చుని 'ఆయ్, బాగున్నారాండి' అని నేర్సుకుంది కూడా."

"అత్తా!" అని లిల్లీ సిగ్గుతో సంచిని ముఖానికి అడ్డం పెట్టుకొన్నది.

ఇవాంజెలిన్ నవ్వింది. ఆ నవ్వుకు ఆమెకే ఆశ్చర్యం కలిగింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకొని వారిని లోపలికి పిలిచింది. సత్యమ్మ హాలులోని కుర్చీ వైపు చూడనైనా చూడకుండా నేరుగా వంటింట్లోకి నడిచి, గట్టు పక్కన పీట వాల్చుకొని కూర్చొని, డబ్బాల మూతలు తీసి వాసన చూడసాగింది.

"ఇదేటి, పచ్చడా? ఇందులో బెల్లమేసినావేటి?"

"మా వైపు వేస్తారండి."

"మీ వైపోల్లకి సుగరెందుకొత్తాదో ఇప్పుడు తెలిసింది" అన్నది సత్యమ్మ, మరొక వేలు ముంచుతూ.

టీ తాగుతుండగానే లిల్లీ ఫోను మోగింది. దుకాణంలో సరుకు దిగిందట, వెంటనే రమ్మంటున్నారు. ఆ చిన్నది సంచి దించి పరుగు తీసింది. సత్యమ్మ లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకొని, ఇవాంజెలిన్ వంక చూసింది.

"కూకున్నావేటి? సంచట్టుకో. ఇంకా సగం ఈది ఉంది. బేగి నడు."

"నేనా? నన్నెవరూ ఎరగరండి."

"అందుకే రమ్మంటన్నాను."

ఇవాంజెలిన్ ఇంటికి తాళం వేసి బయలుదేరింది. తొలి ఇంట్లో ఒక ముసలాయన ఆమెను చూసి, "కరెంటోరి ఆవిడ కదా, బియ్యం అడుక్కుంటందేటి పాపం" అని హాస్యమాడాడు. రెండవ ఇంటావిడ కుండ వంపినంతసేపూ ముఖం ముడుచుకొనే ఉన్నది. బస్తా సంగతి ఆమె మరచిపోలేదని తెలుస్తూనే ఉన్నది. ఇవాంజెలిన్ ఆ ముడుత కూడా చూసి, సంచి నోరు బాగా విప్పి పట్టుకొన్నది. ఇంకొక ఇంట్లో పచ్చి బాలింతను చూపించారు. మరొక ఇంట్లో మంచినీళ్ళిచ్చి, నీ పేరేమిటని అడిగారు. ఆ వీధిలో ఆమెను పేరు అడిగినది అదే మొదటిసారి.

విజయ్ కుమార్ ఆ రోజు పెందలకడ ఇంటికి వచ్చాడు. తలుపుకు తాళం వేసి ఉన్నది. ఫోను చేస్తే అది లోపలే మోగింది. ఆయన వీధి పొడుగునా వెతుక్కుంటూ వచ్చేసరికి, చివర రాజులమ్మ అనే ఆమె ఇంటి అరుగు మీద, నలుగురు ఆడవాళ్ళ నడుమ, భార్య గొంతు వినబడింది. ఆ గొంతు అంత గట్టిగా విని చాలాకాలమైనందున, అది ఆమెదేనా అని ఒక నిమిషం అనుమానపడ్డాడు.

రాజులమ్మ ఆయన్ని చూడగానే కుండ పక్కన పెట్టి మీదికి వచ్చింది.

"బాబూ కరెంటాయనా, సమయానికొచ్చినావు. పొద్దోతే మా బల్బు మిణుగురు పురుగులాగుంటాది. మీ ఆపీసులో ఎన్నిసార్లు సెప్పినా ఇనుకున్న నాదుడు లేడు."

"రాసుకుంటానమ్మా" అన్నాడాయన, చూపు భార్య మీదినుండి తిప్పకుండా.

"రాసుకుంటారు. వచ్చినోడల్లా రాసుకుంటాడు. ఏడాది తిరక్కుండా బదిలీ ఎట్టుకుని పోతాడు. నువ్వు మాత్రం ఉంటావేటి?"

విజయ్ కుమార్ జేబులోని పెన్ను తీసి, కాగితం కోసం తడుముకొన్నాడు.

"ఉంటామండి" అన్నది ఇవాంజెలిన్. "సోమవారం ఆఫీసులో ఆ మాటే చెప్తారు. ఇన్‌స్పెక్టరు గారు కదా, మీ పని చేయిస్తారు. ముందు ఆ కుండ ఇలా ఇవ్వండి, చీకటి పడుతోంది."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కూడా చూసి, తల ఊపింది. ఎన్నో రోజులుగా ఎత్తుకొన్న బరువు దించినవాడిలా విజయ్ కుమార్ పెద్దగా ఊపిరి విడిచి, అరుగు మీద చతికిలబడి, నొప్పి పెడుతున్న కాలును బారుగా చాపుకొన్నాడు.

"మీటరు ఎటు పక్కనుందమ్మా?" అని రాజులమ్మను అడిగాడు.