పొగగది తలుపు

వీధిలో ఆమెను అందరూ పొగమ్మ అంటారు. పెరట్లో ఉన్న పొగగదిలో చేపలకు పొగ పట్టించి అమ్మడం ఆమె పని. కాలు ఒకచోట నిలిచే మనిషి కాదు. తింటున్న ముద్ద నోట్లో ఉండగానే లేచి వెళ్లి పొగగొట్టం వంక చూసి వచ్చేది.

పని నేర్పేటప్పుడు కోడలికి ఒకటే పాట. "కట్టెకి గాలి చాలకపోతే సరిగ్గా కాలదు, పొగ కక్కుతుంది. గాలి బాగా తగిలిందా, మంటే! మనకి మంటతో పని లేదు." తడి రంపప్పొట్టు కప్పిన నిప్పు లోలోపలే రాజుతూ ఉండాలి. సన్నటి నీలిపొగ రావాలి. తెల్లగా, దట్టంగా వస్తే చేప చేదెక్కుతుంది. పొగ బాగా పట్టిన చేప మీద ఈగ వాలదు, తొందరగా కుళ్లదు.

చేపను కాపాడిన ఆ పొగే పొగమ్మ ఊపిరితిత్తులను తినేసింది. మళ్లీ ఆ గదిలోకి వెళ్తే ప్రాణాల మీదికి వస్తుందని డాక్టర్ తెగేసి చెప్పాడు. అప్పట్నుంచి పని కోడలిది, పెరట్లో స్టూలు అత్తది. ఆమె కూర్చుందన్న మాటేగానీ, స్టూలుకు ఆ సంగతి తెలియదు.

"పొగ తెల్లగా వస్తోందే!"

"ఇప్పుడేగా రాజేశాను అత్తయ్యా. కాసేపటికి సర్దుకుంటుంది."

"వాసన కూడా తేడాగా ఉంది."

"మీరు ముందు కూర్చోండి."

"పొమ్మనలేక పొగబెట్టినట్టుంది నీ వరస!"

కోడలు నవ్వుతూ ఉప్పునీళ్లు కలపడానికి వంటింట్లోకి వెళ్లింది. పొగమ్మ ప్రాణం ఊరుకోలేదు. తలుపు రవంత తెరిచి చూస్తే పోయేదేముంది అనుకుంది. కోడలికి వందసార్లు వద్దని చెప్పిన పని అదే. గాలి లోపలికి దూరగానే నిప్పు భగ్గుమంది. వేలాడుతున్న చేపల నుంచి కారుతున్న నూనెకు మంట అంటుకుంది. ఆమె బకెట్టు నీళ్లతో లోపలికి పరిగెత్తింది. మంట ఆరింది. కానీ బయటికొచ్చాక ఊపిరి అందక నేలమీద కూలబడింది.

కోడలు పరుగున వచ్చి ఆమెను ఒళ్లోకి తీసుకుని వీపు నిమిరింది. ఊపిరి కాస్త అందగానే పొగమ్మ అంది,

"సరుకంతా బుగ్గి చేశానే."

"చేపలు పోతే పోనీండి! మీరు లోపలికెందుకు వెళ్లారు? మీకేమన్నా అయితే నేనేం కావాలి?" కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

పొగకు వచ్చే కన్నీళ్లు పొగమ్మకు బాగా తెలుసు. ఇవి అవి కావు. ఆమెకు సిగ్గేసింది, లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది.

"రేపట్నుంచి ఆ తలుపుకి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. కాళ్లు పట్టుకుని బతిమాలినా నాకివ్వకు" అంది.