ఎవాంజెలిన్ ముట్టుకోని బండి

పటాన్‌చెరు దగ్గర రేవు ఉందంటే నవ్వుతారు. సముద్రం ఎక్కడ, ఈ ఫ్యాక్టరీల పొగ ఎక్కడ! నవ్వేవాళ్ళు ఒక్కసారి ఇస్నాపూర్ దాటి ఆ కంటైనర్ యార్డు చూసొచ్చి మాట్లాడాలి. ఓడ ఒక్కటే తక్కువ. కస్టమ్స్ వాళ్ళున్నారు, క్రేన్లున్నాయి, మేడల ఎత్తున పేర్చిన ఇనుప పెట్టెలున్నాయి. రేవున్న చోట దొంగలు లేకుండా ఎట్లా, వాళ్ళూ ఉన్నారు. ఫ్యాక్టరీలో సీలు వేసిన పెట్టె ఈ గేటు దాటి రైలెక్కిందంటే, మళ్ళీ దాని తలుపు తెరిచేది ఏ పరాయి దేశంలోనో.

ఆ గేటు ఎవాంజెలిన్‌ది. భర్త పోయాక సెక్యూరిటీ యూనిఫాం వేసుకుంది. చిట్కుల్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, ఆదివారం పొద్దున చర్చిలో పాట, మిగిలిన రోజులన్నీ గేటు. మనిషి పొట్టి గానీ గొంతు గట్టిది. హర్యానా నుంచి వచ్చిన ఆజానుబాహులైన డ్రైవర్లు కూడా ఆమె చెయ్యెత్తితే బుద్ధిగా బ్రేకు తొక్కేవాళ్ళు.

ఆమెకు పని నేర్పింది సెక్యూరిటీ ఆఫీసరు నరసింహమూర్తి. కోస్తాలో అసలు ఓడరేవులోనే తల నెరిసిన మనిషి. సీలు చూసి మురిసిపోవద్దని మొదటి రోజే చెప్పాడు. దొంగలు సీలు జోలికే పోరట. దారిలో ఏ గోదాము వెనకో బండి ఆపి, తలుపును పెట్టెకు పట్టి ఉంచే బందుల బోల్టులు తొలిచి, తలుపంతా ఊడదీస్తారు. మందుల డబ్బాలు దించుకుని, బరువు సరిపోయేలా ఇసుక సంచులు సర్ది, కొత్త బోల్టులు బిగించి పైన పెయింటు పూస్తారు. సీలు మాత్రం పెళ్ళికూతురిలా చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే ఎవాంజెలిన్ ప్రతి బండి వెనక్కీ వెళ్ళి ఆ బందుల మీద అరచెయ్యి వేసి నిమిరేది. కంటిని మోసం చేసే పెయింటు చేతికి దొరికిపోతుంది.

ప్రతి బండీ అన్నాను గానీ, ఒక్కటి తప్ప. అది తమ్ముడు చార్లీ ట్రైలర్. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. బడి మానేసి వాణ్ణి సాకింది ఆమే. వాడి జిమ్మేదారి తనదని మూర్తిగారికి మాటిచ్చి డ్రైవరుగా పెట్టించిందీ ఆమే. అట్లాంటి పిల్లవాడి బండి తడిమితే తన రక్తాన్ని తనే అనుమానించినట్టు కాదూ? తిన్నావా అని అడిగి, చెయ్యూపి లోపలికి పంపేసేది. ఈమధ్య వాడు గేటు దగ్గర ఇంజను ఆపేసి ఊరికే కూర్చుంటున్నాడు. వెనక బండ్లు హారన్లు కొడుతుంటే, ఏం నిద్రరా అని కసిరి తోలేది.

ఒకనాడు మూర్తిగారు గేటు గదిలోకి వచ్చి తలుపు మూశాడు. ఇక్కడినుంచి పోయిన పెట్టెల్లో ఇసుక బయటపడిందని విదేశం నుంచి కబురట. ఏ పెట్టెలో పైవాళ్ళు ఇంకా చెప్పలేదు.

"నీ చెయ్యి పడకుండా లోపలికి పోయిన బండి ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగాడు.

లేదంది. 

ఆ సాయంత్రం అంగడిలో చిక్కుడుకాయలు ఏరుతుంటే, పక్కనే ఒకడు హెల్మెట్ చంకలో పెట్టుకుని తనూ ఏరసాగాడు. మొహం మీద మర్యాదైన నవ్వు.

"చార్లీ వాళ్ళక్కవు గదా. మంచోడు, మంచిగ నడుపుతడు. పొద్దుగాల నువ్వెక్కే ఆటో గుడ మాకెరుకే," అన్నాడు మెల్లగా.

తూకం వేయించుకుని వెళ్ళిపోయాడు. ఆమె సంచీ అక్కడే మరిచి ఇంటికొచ్చింది. చార్లీ అన్నం పళ్ళెం మీంచి తలెత్తకుండా కూర్చున్నాడు. అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే వాడు చెప్పేస్తాడేమోనని భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం, తారు కరిగే ఎండలో చార్లీ ట్రైలర్ వచ్చి గేటు ముందు ఆగింది. రోడ్డవతల చాయ్ బండి దగ్గర ఆ హెల్మెట్ మనిషి నిలబడి ఉన్నాడు. ఎవాంజెలిన్ ఎన్నడూ లేనిది బండి వెనక్కి నడిచి బందు మీద చెయ్యి వేసింది. చెయ్యి అతుక్కుంది. తీసి చూస్తే అరచేతి నిండా నీలం.

ఇంకెవరూ చూడలేదు. చీరకొంగు కాకపోతే యూనిఫాం ఉంది, తుడుచుకుంటే పోతుంది. తుడుచుకుంటే తమ్ముడు ఈ రాత్రికి ఇంటికొస్తాడు, కానీ బతికినన్నాళ్ళూ ఆ దొంగల మనిషే. ఆపితే జైలు. దేవా, ఇదేం పరీక్ష అనుకుంది. తర్వాత గేటు కర్ర దించేసి మూర్తిగారిని కేకేసింది.

తలుపు తీస్తే ఇసుక సంచులు. పోలీసులు వచ్చేదాకా చార్లీని గేటు గదిలో కూర్చోబెట్టారు. మూర్తిగారు ఫోనుకని బయటికి పోయిన కాస్త సందులో, ఎందుకు చేశావురా అని ఆమె అడిగింది. వాడి మొహంలో భయం లేదు. ఎన్నాళ్ళకో ఊపిరి తీసుకున్న మొహం అది.

"మొదటిసారి నాకు తెల్వదక్కా. చాయ్ తాగొచ్చేసరికి తలుపు ఊడదీసిండ్రు, నన్ను గుడ వీడియోల పట్టుకున్నరు. నోరు తెరిస్తే నిన్ను సంపుతమన్నరు. గేటు కాడ పట్టుబడుడొక్కటే తొవ్వ దొరికింది నాకు. అందుకే ప్రతిసారి పెయింటు ఆరకముందే తెచ్చిన. నువ్వేమో చెయ్యే పెట్టకపోతివి."

ఇంజను ఆపుకుని వాడు ఎదురుచూసింది తన చేతికోసమా! బయట జీపు ఆగిన చప్పుడైంది.

"ఇగ నన్ను బయట గట్టిగ తిట్టక్కా. చాయ్ బండి కాడ వాడు సూస్తుండు. నీకు నేనే చెప్పిన్నని వానికి అనుమానం రావద్దు."

జీపు దగ్గర, నలుగురి మధ్య, ఎవాంజెలిన్ తమ్ముడి కాలరు పట్టుకుని చెంప పగిలేట్టు కొట్టింది. పెంచిన ఇన్నేళ్ళలో వాడి మీద చెయ్యి పడటం అదే మొదలు.

"థూ, నువ్వు నా తమ్మునివేనా? సావు జైల్ల! నా గడప తొక్కితే కాళ్ళిరగ్గొడ్త."

చాయ్ బండి దగ్గర మనిషి గ్లాసు ఖాళీ చేసి, నవ్వి, బైకు తీశాడు. నమ్మాడో లేదో ఎవరికి తెలుసు. చార్లీ ఎక్కిన జీపు సంగారెడ్డి వైపు తిరిగి కనిపించకుండా పోయింది. మూర్తిగారు వచ్చి ఇక ఊరుకోమ్మా అంటున్నా ఆమె నోటికొచ్చిన శాపమల్లా పెడుతూనే ఉంది, ఆపితే ఏడుపొస్తుందని, ఆ ఏడుపు ఆ హెల్మెట్ మనిషి ఎక్కడినుంచైనా వింటాడని.