పంతొమ్మిది మెట్ల నిచ్చెనలు

మా నాన్నగారు పోయారన్న వార్త, ఆయన పోవడానికి ఏడు నెలల ముందే మా ఊరు చేరింది. దాన్ని మోసుకొచ్చినవాణ్ణి నేనే. అంతా అయ్యాక ఆ వార్త ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట్లోంచి ఎవరి చెవిలోకి వెళ్ళిందో తెలుసుకుందామని ఊరూరా తిరిగి ఆరా తీశాను. మా ఆవిడ "మీకు పనీ పాటా లేదండి" అంది. లేకేం, ఉంది. కానీ ఒక సంగతి ఎలా జరిగిందో తెలియకపోతే నాకు అన్నం సయించదు. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు అది.

రెండువేల ఒకటో రెండో అయి ఉంటుంది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి. మా ఊళ్ళో మాత్రం ఇంకా ఎస్టీడీ బూతుదే రాజ్యం. రావులపాలెం నుంచి కాలవ గట్టు పట్టుకుని ఆరు మైళ్ళు వస్తే మా ఊరు. నాన్నగారికి ఆ ముందు ఏడాది పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట మాత్రం బాగానే ఉంది. పొద్దున్నే వసారాలో వాలుకుర్చీలో కూర్చోబెడితే, మధ్యాహ్నం దాకా వచ్చేపోయేవాళ్ళని ఆపి కబుర్లు అడిగేవారు. నాకున్న జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టే చెప్పొచ్చు.

ఒకరోజు నన్ను పిలిచి, "ఒరే, ఇంటికి వెల్ల వేయించు" అన్నారు.

"ఇప్పుడెందుకండి? దసరాకి చూద్దాం."

"దసరా దాకా నేనుండొద్దూ? నేను పోతే జనం వస్తారు. వాడూ వస్తాడు. కాలవవైపు గోడంతా పాచి పట్టేసి ఉంది. వాడు అది చూసి పోవాలా?"

వాడు అంటే మా బాబాయి. నాన్నగారికి ఒక్కడే తమ్ముడు. అప్పటికి పదకొండేళ్ళ క్రితం, దాళ్వా పంటకి నీళ్ళు అందని ఏడు, తూము దగ్గర నీటి వంతు మీద ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. నాన్నగారు పదిమందిలో ఆయన్ని నీళ్ళదొంగ అన్నారు. బాబాయి తలపాగా తీసి నేలకేసి కొట్టి, "నువ్వు బతికుండగా నీ గడప తొక్కితే ఒట్టు" అన్నాడు. అన్నంతపనీ చేశాడు. పొలం కౌలుకిచ్చేసి కడియం వెళ్ళి మొక్కల నర్సరీ పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళలో కలిస్తే ఇద్దరూ పందిరికి చెరో చివర కూర్చునేవారు. నాన్నగారిని రాజమండ్రి ఆసుపత్రిలో పెట్టినప్పుడు బాబాయి గేటు దాకా వచ్చి, నన్ను బయటికి పిలిపించి, ఎలా ఉందో అడిగి వెళ్ళిపోయాడు. లోపలికి మాత్రం రాలేదు. ఆసుపత్రికీ ఒట్టుకీ సంబంధం ఏంటని నేను ఆయన్ని అడగలేకపోయాను.

నాన్నగారు కూడా ఆయన పేరెత్తేవారు కాదు. కాకపోతే నేను ఏ పనిమీద రాజమండ్రి వెళ్ళొచ్చినా ఒకటే అడిగేవారు. "కడియం మీదుగా వచ్చావా?" అవునండి అంటే ఊఁ అనేవారు. అంతే.

ఆయన లెక్క ఏమిటంటే, తమ్ముడు బతికుండగా ఎలాగూ రాడు, పోయాకైనా వస్తాడు, అప్పటికి ఇల్లు తెల్లగా ఉండాలి. ఆ లెక్క విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఈ ఇద్దర్నీ ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడించలేకపోతున్నానే అని బాధగా ఉండేది. కానీ ఇద్దరిలో ఎవరికి చెప్పగలను? చేతనైంది వెల్ల వేయించడం ఒక్కటే.

సున్నం మేస్త్రి వచ్చి కాలవవైపు గోడ చూసి పెదవి విరిచాడు. "మేడ పిట్టగోడ దాకా అందాలంటే ఇరవైనాలుగు అడుగుల నిచ్చెనలు రెండు కావాలండి. మధ్యలో పలక వేసుకుంటాం. మన దగ్గర అంత పొడుగువి లేవండి" అన్నాడు. రెండు నిచ్చెనల కోసం లారీ ఎవడు కడతాడు? నా దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న ఎస్‌యూవీ ఒకటి ఉంది. ఆ మాట నోరు తిరక్క మా ఊళ్ళో దాన్ని పెద్దకారు అనేవారు. దాని నెత్తిన వేసుకొచ్చేద్దాం అనుకున్నాను. కారు పొడవు పద్నాలుగు అడుగులు, నిచ్చెన పొడవు ఇరవైనాలుగు. మిగిలిన పది అడుగుల సంగతి రాజమండ్రి చేరేదాకా ఆలోచించలేదు.

వెదురు అడితిలో ముసలాయన అప్పుడే కొట్టిన పచ్చి వెదురుతో నిచ్చెనలు కట్టించి ఉంచాడు. ఎక్కు, దిగు, ఎక్కు, దిగు అంటూ నా ఎదురుగా మెట్లు లెక్కపెట్టాడు. పంతొమ్మిదోది ఎక్కు దగ్గర ఆగింది. "ఎప్పుడూ బేసి మెట్లే ఉండాలండి. దిగుతో ఆగితే మనిషి దిగిపోతాడు" అన్నాడు. ఇరవై పెడితే నిజంగా ఎవరైనా పడ్డారా అని అడిగాను. పెడితే కదండీ తెలిసేది అన్నాడు.

కట్టడం నేనే మొదలెట్టాను. కారు తలుపులన్నీ వేసి, కిటికీల్లోంచి తాడు దూర్చి, నాలుగు చుట్లు బిగించి మురిసిపోతున్నాను. ముసలాయన నా చుట్టూ తిరిగి, "బాగానే ఉందండి. మరి లోపలికి ఎలా ఎక్కుతారు?" అన్నాడు. తలుపులు కూడా కట్టేశానన్నమాట. అడితిలో వాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆయనే విప్పించి మళ్ళీ కట్టించాడు. నిచ్చెనల కింద గోనెసంచులు మడతపెట్టి వేయించాడు. లావుగా ఉన్న మొదళ్ళు ముందుకి, కొసలు వెనక్కి. ముందు బంపరుకి రెండు తాళ్ళు, వెనక రెండు. కొబ్బరితాడు తడిపి కట్టమన్నాడు, ఆరితే బిగుస్తుందట. "కొసకి ఎర్రగుడ్డ కట్టుకోండి. మొదటిసారి ఎక్కే ముందు నిచ్చెనలకి పువ్వు పెట్టండి" అని చెప్పి పంపాడు.

ఎర్రగుడ్డ లేదు. నా భుజం మీదున్న తెల్ల తువ్వాలే కొసకి కట్టాను. మా ఆవిడ మంచినీళ్ళకి కొత్త కుండ తెమ్మంది కదా అని దారిలో ఒకటి కొని, దొర్లకుండా పక్కసీట్లో పెట్టి బెల్టు బిగించాను. కడియపులంకలో పూలమార్కెట్టు దగ్గర ఆపి బంతిపూల దండ తీసుకున్నాను. ఇంటికెళ్ళేసరికి నలిగిపోతుందని అక్కడే నిచ్చెనల ముందు కొసలకి వేలాడదీశాను. తాడు కొంచెం వదులైనట్టుంటే చెప్పులు విడిచి కారెక్కి బిగించాను. ఆ చెప్పులు అక్కడే ఉండిపోయాయి. జొన్నాడ దాటాక గానీ కాళ్ళకి లేవని తెలియలేదు.

ఎందుకు తెలియలేదంటే, నా ధ్యాసంతా మోత మీద ఉంది. నలభై దాటితే నిచ్చెనలు ఈల వేస్తున్నాయి. నరికిన వెదురు బొంగు కొసల్లోకి గాలి దూరి ఊఁ అని ఒకటే మోత. ముప్పైకి తగ్గిస్తే ఆగుతుంది, నలభైకి వెళ్తే మొదలవుతుంది. గోదావరి వంతెన మీద అయితే ముప్పైకే మొదలైంది. అక్కడ గాలి ఎదురుగా రావడం వల్లేమో అని పరీక్షలు చేసుకుంటూ, మూడుచోట్ల ఆగి తాళ్ళు చూసుకుంటూ, తిండి కూడా మరిచిపోయి మెల్లగా వస్తున్నాను.

కాలవ గట్టు ఎక్కాక ఒక విచిత్రం. ఎదురొచ్చిన సైకిలాయన దిగి పక్కకి నిలబడ్డాడు. పొలంలోంచి వస్తున్న ఇద్దరు తలగుడ్డలు తీసేశారు. కిళ్ళీకొట్టాయన సగం తలుపు దించాడు. పెద్దకారంటే ఇంత మర్యాదా అని నిజంగా పొంగిపోయాను. తలూపుతూ వచ్చాను కూడా.

ఇంటి ముందు ముప్పై మంది ఉన్నారు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. మా ఆవిడ గేటు దగ్గరే ఆపేసింది. "ఏంటండీ ఇది? ఆ పువ్వులేంటి? ఆ కుండేంటి?" అంది. అప్పుడు దిగి వెనక్కి తిరిగి చూసుకున్నాను. పచ్చి వెదురు బొంగులు, అడ్డకర్రలు, కొత్త కొబ్బరితాడు, పూలదండ, తెల్లగుడ్డ, లోపల కొత్త కుండ, కాళ్ళకి చెప్పుల్లేని కొడుకు. పాడెకి కావలసినవన్నీ నేనే సమకూర్చుకుని, ముప్పై మైళ్ళు ఊరేగించుకుంటూ తెచ్చాను.

లోపల వసారాలో నాన్నగారు మహా సరదాగా ఉన్నారు. వచ్చినవాళ్ళని ఒక్కొక్కర్నీ ఎదురుగా నిలబెట్టి, "నీకెవరు చెప్పారు? ఎన్నింటికి చెప్పారు? విన్నప్పుడు నువ్వేం చేస్తున్నావు?" అని అడుగుతున్నారు. దండ తెచ్చిన ఒకావిడ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉంటే, "ఆ నిచ్చెనలకే వేసెయ్యమ్మా" అన్నారు. పాడె మొయ్యడానికి వచ్చినవాళ్ళే నిచ్చెనలు దింపి, భుజాలకెత్తుకుని, పెరటి దారిన తీసుకెళ్ళి కాలవవైపు గోడకి వారగా పడుకోబెట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్నగారు నన్ను చూడగానే అడిగింది మాత్రం ఎప్పుడూ అడిగేదే. "కడియం మీదుగా వచ్చావా?"

"అవునండి."

"ఊఁ" అని గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నారు.

ఇంకో పావుగంటకి మొక్కలు మోసే వ్యాను ఒకటి వీధిలో ఆగింది. బాబాయి దూకినట్టు దిగాడు. "అన్నయ్యా" అని ఒక్క కేక పెట్టి, ఎవర్నీ చూడకుండా గేటు దాటి, మెట్లెక్కి, గడప తొక్కి లోపలికి వచ్చేశాడు. వచ్చి ఎదురుగా అన్నయ్య కూర్చుని ఉండడం చూసి ఆగిపోయాడు. మొహమంతా కన్నీళ్ళు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. ఇప్పుడు పోతే ఇక ఎప్పటికీ రాడు.

నాన్నగారు ఆయన్ని తేరిపార చూశారు. చూసి, "ఒరే, నిచ్చెనలకి ఎన్ని మెట్లురా?" అన్నారు.

బాబాయి తుండుతో మొహం తుడుచుకున్నాడు. "పంతొమ్మిది" అన్నాడు.

నాన్నగారు నవ్వారు. పక్షవాతం వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. మూతి ఒక పక్కకే పోతుంది కాబట్టి అలా నవ్వితే ఎవరైనా చూస్తారని ఆయనకి మొహమాటం. ఆరోజు మొహమాటపడలేదు. "కూర్చో" అని కుడిచేత్తో బల్ల చూపించారు. బాబాయి కూర్చున్నాడు. మా ఆవిడ ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. అన్నయ్య మతి చలించి అడ్డదిడ్డంగా అడిగితే తమ్ముడు ఏదో నోటికొచ్చింది చెప్పాడనుకున్నాను నేను. అంతకుమించి ఆలోచించలేదు.

వెల్ల వేసిన నాలుగు రోజులూ బాబాయి మా ఇంట్లోనే ఉన్నాడు. మేస్త్రి పైకెక్కితే కింద నిచ్చెన పట్టుకుని నిలబడి, వాలుకుర్చీలో ఉన్న అన్నయ్యకి ఎక్కడిదాకా వచ్చిందో కేకేసి చెప్పేవాడు.

నేను మాత్రం నా ఆరాలో పడ్డాను. మా ఊరి కిళ్ళీకొట్టాయనకి బూతు ఆయన చెప్పాడు. బూతుకి ఫోను చేసింది రావులపాలెంలో మా గెలలు కొనే అరటికాయల వ్యాపారి. "మీ కాళ్ళకి చెప్పుల్లేవండి. మొహం కూడా పీక్కుపోయి ఉంది. అడగడానికి నోరు రాలేదండి" అన్నాడు. మొహం పీక్కుపోయింది ఆకలికి. ఆయనకి ముందే జొన్నాడ టీకొట్టులో అనుమానం పెట్టారు. టీకొట్టుకి పూలమార్కెట్టు నుంచి వచ్చిన ఆటో ఆయన చెప్పాడు. పన్నెండు మందిని అడిగాను. నోటు పుస్తకంలో గీతలు గీసుకున్నాను. పూలమార్కెట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ మొదట ఎవరన్నారో తేలలేదు.

ఆ ఏడు నెలలూ బాబాయి వారం వారం వచ్చేవాడు. మాటలు పెద్దగా ఉండేవి కావు, పక్కపక్కన కూర్చునేవారు. నాన్నగారు నిజంగా పోయినరోజు బాబాయి ఆయన మంచం పక్కనే ఉన్నాడు. కాబట్టి ఆయనకి ఎవరూ కబురు చెయ్యక్కర్లేకపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు బాబాయీ నేనూ పెరట్లో కూర్చున్నాం. ఎదురుగా గోడకి వారగా ఆ నిచ్చెనలు ఉన్నాయి, పచ్చదనం పోయి గడ్డిరంగుకి తిరిగాయి. ఊరికే మెట్లు లెక్కపెడుతున్నాను. పంతొమ్మిది దగ్గర ఆగాక నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆరోజు బాబాయి వచ్చేసరికి నిచ్చెనలు కారు మీద లేవు. పెరట్లో పడుకుని ఉన్నాయి. ఆయన వీధిలోంచి తిన్నగా వసారాలోకి వచ్చాడు. మరి మెట్లెన్నో ఆయనకెలా తెలిసింది?

"బాబాయ్, ఆరోజు మీకెవరు చెప్పారండి?"

"ఎవరూ చెప్పలేదురా. పూలమార్కెట్టు ఎదురుగా టీ తాగుతున్నాను. నువ్వు కారెక్కి తాడు బిగిస్తున్నావు. నా పక్కాయన, పాపం పెద్దాయన పోయినట్టున్నారండి అన్నాడు. నిచ్చెనలేనని నాకు కనిపిస్తూనే ఉంది. మెట్లు కూడా లెక్కపెట్టాను."

"మరి కాదని చెప్పొచ్చు కదండి?"

"చెబితే ఇంక ఏ వంక పెట్టుకుని వచ్చేవాణ్ణి?"

"మరి ఆ ఏడుపు?" అన్నాను.

"అది దొంగేడుపు కాదురా. వ్యాను ఎక్కిన దగ్గర్నుంచీ ఆగలేదు" అన్నాడు.

పన్నెండు మందిని అడిగినవాణ్ణి, మా వసారాలో కూర్చున్న బాబాయిని అడగలేదు. నాన్నగారు మొదటి నిమిషంలోనే, ఒక్క ప్రశ్నతో తేల్చేసుకున్నారు.

"అంటే నాన్నగారికి అప్పుడే తెలిసిపోయిందన్నమాట. మళ్ళీ ఎప్పుడైనా మిమ్మల్ని ఏమైనా అన్నారా?"

బాబాయి నిచ్చెనల వైపే చూస్తున్నాడు.

"ఏమంటాడు? కూర్చోమన్నాడు కదా."