బకిళ్ళ బూట్లూ, పెందుర్తి గుమ్మమూ

ఆ రోజుల్లో మా విశాఖపట్నం కుర్రకారులో రెండు జాతులుండేవి. హవాయి చెప్పులతో తృప్తిగా బతికేసేవాళ్ళు ఒకటి, బూట్ల కోసం కలలు కనేవాళ్ళు రెండోది. నేను రెండో జాతిలో కరుడుగట్టినవాణ్ణి. కూర్మన్నపాలెం అవతల ఉక్కు ఫ్యాక్టరీ పనులు సాగుతున్న కాలంలో ఒక కంట్రాక్టరు దగ్గర సూపర్వైజరుగా ఉండేవాణ్ణి. (సూపర్వైజరంటే ఏదో పెద్ద ఊహించుకునేరు. సిమెంటు బస్తాలు తడవకుండా చూడటం, తడిస్తే తిట్లు తినడం.) ఒక పాత మోటార్ సైకిలు కూడా ఉండేది. అది నన్ను మోసిన దూరమెంతో, నేను దాన్ని తోసిన దూరమూ ఇంచుమించు అంతే. ఇన్ని హంగులుండీ కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులే. వానాకాలం వస్తే ఆ ఎర్రమట్టిలో సాయంత్రానికి ఒక చెప్పు నాతో ఇంటికొచ్చేది, రెండోది అక్కడే ఉండిపోయేది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, పోర్టులో క్రేను నడిపేవాడు. ఏ దేశపు ఓడో గుర్తులేదు గానీ, ఒక నావికుడితో స్నేహం కలిపి ఇంటికి తీసుకొచ్చాడు. ఫిషింగ్ హార్బర్లో పొద్దున్నే పట్టుకొచ్చిన రొయ్యలతో మా అక్క చేసిన వేపుడు తిని, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని (కారం వల్లా, ప్రేమ వల్లా అనేది తేలలేదు) ఓడెక్కే ముందు రెండు జతల మోటార్ సైకిలు బూట్లు బహుమానంగా ఇచ్చి వెళ్ళాడు. ఒక జత మెత్తని నల్లతోలుది. చీలమండ మీదిదాకా వస్తుంది, పక్కన జిప్పు. అది రోడ్డు మీద బండి నడిపేవాళ్ళది. రెండోది మోకాలి కిందిదాకా వచ్చే భారీ సరుకు. ముందువైపు గట్టి ప్లాస్టిక్ పలక, వంచినా వంగని అడుగు, పైనుంచి కిందిదాకా వరసగా బకిళ్ళు. అది రోడ్డే లేనిచోట, కొండల్లో గుట్టల్లో బండి నడిపేవాళ్ళది.

“నాను పెద్దోణ్ణి, ముందు నానే ఏరుకుంతాను” అని బావ జిప్పు జత తీసుకున్నాడు. “ఆ పొడుగుయి నువ్వెట్టుకో. నువ్వు తిరిగేదాన్ని రోడ్డంటారేటి?” ఇంత అమాయకుడికి మా అక్కనెలా ఇచ్చారా అని ఆశ్చర్యపోయాను. అసలు సరుకు నాకొదిలేశాడు కదా. అప్పట్నుంచీ మా ఇద్దరికీ అదే వాదన. “బావా, నీవి బూట్లు కావు, జిప్పున్న మేజోళ్ళు” అనేవాణ్ణి. “నీయి బూట్లు కావురా, కాళ్ళకి కట్టుకున్న బిందెలు” అనేవాడు. నిజానికి ఇద్దరి మాటా నిజమే. సైటులో ఇనప చువ్వ కాలిమీద పడితే పక్కవాడు చెప్పేదాకా నాకు తెలియలేదు, అంత గట్టివి నావి. కానీ బండి గేరు పడిందో లేదో కూడా తెలిసేది కాదు. చీలమండ వంగదు గనక మెట్లు అడ్డంగా దిగేవాణ్ణి. అందరూ గొంతుక్కూర్చుని టీ తాగుతుంటే నేనొక్కణ్ణీ సర్వే కర్రలా నిలబడేవాణ్ణి. బావ మాత్రం తన జిప్పు బూట్లతోనే బజారుకెళ్ళేవాడు, పరుగెత్తి బస్సెక్కేవాడు. అయితే గుంటలో నీళ్ళు కాస్త తగిలాయంటే రోజంతా కిచకిచమంటూ నడిచేవాడు.

ఇలా ఉండగా పెందుర్తిలో ఒక సంబంధం చూశారు. ఆ అమ్మాయిని అంతకుముందే బావ వాళ్ళ చుట్టాల పెళ్ళిలో చూశాను. పప్పులో ఉప్పు లేదని వంటవాణ్ణి నిలదీస్తోంది. తప్పు వంటవాడిదే అయినా, వాడు నొచ్చుకోకుండా చివర్లో తనూ నవ్వి, వాణ్ణీ నవ్వించి వదిలింది. ఆమె నవ్వు నా వంతుకొస్తే బాగుండునని అప్పుడే అనిపించింది. అందుకే ఈ సంబంధం తప్పిపోతుందేమోనని హడలిపోయాను. హడలడానికి కారణమూ ఉంది. వాళ్ళ నాన్నగారికి పంచాంగమంటే ప్రాణం. ముందొచ్చిన సంబంధం వాళ్ళు వర్జ్యంలో దిగారని వీధిలోంచే సాగనంపేశారట. “వర్జ్యం రాకముందే గుమ్మం దాటీయాల. ఇంకేటీ మాటాడకు” అని బావ నాకు మరీమరీ చెప్పాడు.

పెళ్ళిచూపులకి ఏ బుద్ధిమంతుడూ ఆ బూట్లు వేసుకోడు. నేను వేసుకున్నాను. గుమ్మం ముందు బండాపి, ఆ బకిళ్ళు తళతళలాడుతుండగా దిగితే ఆ అమ్మాయి కిటికీలోంచి చూసి మూర్ఛపోతుందని నా లెక్క. దిగిన తరవాత గుమ్మం బయట పాదరక్షలు విప్పాలన్న సంగతి, పుట్టినప్పట్నుంచీ రోజూ చేస్తున్న పనే అయినా, నా బుర్రకి తట్టలేదు. దారిలో వాన. అడ్డదారిలో బండి జారి ఇద్దరం ఎర్రబురదలో పడ్డాం. నా కాళ్ళకి చిన్న గీత పడలేదు. బావకి పిక్క చెక్కుకుపోయింది, బూట్లలో ఒక చెరువు చేరింది. “చూశావా మరి?” అన్నాను గర్వంగా. ఆయన కుంటుతూ వచ్చి వెనక ఎక్కాడు.

పెందుర్తి చేరేసరికి వర్జ్యానికి ఇంకా కాస్త టైముంది. బావ జిప్పులు సర్రుమని లాగి, కాళ్ళు కడుక్కుని, దర్జాగా లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నేను అరుగుమీద కూర్చుని మొదటి బకిల్ పట్టుకున్నాను. రాలేదు. రెండోదీ రాలేదు. దారంతా ఆరుతూ వచ్చిన మట్టి ఒక్కొక్క బకిల్‌నీ తాపీ పెట్టి పూడ్చినట్టు పూడ్చేసింది. బావ బయటికొచ్చి బూటు పట్టుకుని లాగాడు. బూటుతోపాటు నేనూ అరుగు చివరిదాకా జరిగాను. వాళ్ళ నాన్నగారు గోడగడియారం వైపూ నా కాళ్ళవైపూ మార్చిమార్చి చూసి, “వర్జ్యం వచ్చేత్తంది బాబూ” అంటూ లోపలికెళ్ళి కత్తిపీట పట్టుకొచ్చారు. పట్టీలు కోసేస్తారట. నేను రెండు మోకాళ్ళూ కావలించుకున్నాను.

“బూట్లు కావాలా, సంబంధం కావాలా సెప్పండి” అన్నారాయన. నేను బకిళ్ళ వైపు చూశాను. (ఒక్క క్షణం తటపటాయించాను, అంతే. ఆ క్షణం సంగతి మా ఇంట్లో ఇప్పటికీ పండగకీ పబ్బానికీ ప్రస్తావనకొస్తుంది.)

అప్పుడు వాళ్ళ నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఏట్రా నీ గోల? ఆ గుంటడు ఇటు దాటలేకపోతే మన గుంట అటు దాటలేదా? ఆడు పిల్లని సూడ్డానికొచ్చినాడా, ఇల్లు సూడ్డానికొచ్చినాడా?” అంది. “ఎక్కడైనా ఉందా అమ్మా?” అని కొడుకు నీళ్ళు నమిలాడు. “లేకపోతే ఇయ్యేళ్టినుంచి ఉంటాది” అని ఆవిడ మనవరాలిని బయటికి పంపేసింది. అలా మా పెళ్ళిచూపులు అరుగుమీద జరిగాయి. ఆ అమ్మాయి కొబ్బరినూనె గిన్నె, తల పిన్ను పట్టుకొచ్చి మెట్టుమీద కూర్చుని ఒక్కొక్క బకిల్‌లోంచి మట్టి తవ్వడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళందరూ కిటికీలోంచి చూస్తున్నారు.

“ఇన్ని బకిళ్ళేటండీ? లోపలున్నాయనవి సిటికెలో ఊడొచ్చేసినాయి.”

“అవి రోడ్డు మీద నడిపేవాళ్ళవండి. నడవడానికి సుఖం. ఇవి రోడ్డు లేనిచోటికి. పడినా కాలికేం కాదు.”

“అంటే పడతారని ముందే తెలిసి ఎట్టుకునే బూట్లా?”

“అవునండి. నేను రోజూ పడతాను.” పెళ్ళిచూపుల్లో ఏ వరుడూ అనకూడని మాట నా నోటినుంచే వచ్చేసింది. ఇక దాచేదేముందని, “ఇందాకా వస్తూ కూడా పడ్డాం” అన్నాను.

ఆమె తవ్వడం ఆపింది. “మీ బావగారు బండి సాఫీగా వచ్చినాదని లోపల సెప్తన్నారు మరి” అంది. తలొంచుకుని నవ్వుతోంది. అదే నవ్వు.

ఆఖరి బకిల్ ఊడి, రెండో బూటులోంచీ కాలు బయటికొచ్చింది. దానితోపాటు వచ్చిన వాసన గురించి రాయను. ఆమె పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది గానీ లేచి వెళ్ళలేదు. నేను లేచి లోపలికి అడుగుపెట్టబోతుంటే, “ఆగండి, వర్జ్యం వచ్చీసింది” అన్నారు నాన్నగారు. ఏం చేస్తాను, అంత కష్టపడి విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కున్నాను. నాకు రావలసిన జంతికలూ మైసూరుపాకూ బావే తినేశాడని దారిలో తెలిసింది. ఇక సంబంధం పోయినట్టే అనుకుని, ఇల్లు చేరేదాకా ఏడుపు దిగమింగుకుంటూ బండి నడిపాను.

వారం తిరక్కుండా వాళ్ళ నాయనమ్మే వచ్చి ముహూర్తాలు పెట్టుకోమంది. ఎందుకొప్పుకున్నావని పెళ్ళయ్యాక ఎన్నోసార్లు అడిగాను. “వచ్చిన ప్రతోళ్ళూ కుర్చీలో కూకుని అన్నీ బాగున్నాయనే సెప్పినారు. రోజూ పడతానని సెప్పినోరు మీరొక్కరే” అంది మా ఆవిడ.

ఇప్పుడు ఆ బూట్లు మేడమెట్ల కింద ఉన్నాయి. కూర్మన్నపాలెంలో ఎర్రబురద కోసం వెతుక్కోవాలి, అంతా నున్నటి రోడ్లే. నేనూ డాక్టరు చెప్పిన మెత్తటి చెప్పులు వేసుకుని, బావ దారిలోకి వచ్చేశాను. అవి ఒకే ఒక పట్టీ చెప్పులు. కానీ నడుం వంగదు. నిన్న సాయంత్రం నడిచొచ్చి గుమ్మం బయట కూలబడి ఆ పట్టీతో తంటాలు పడుతుంటే, మా ఆవిడ వచ్చి మెట్టుమీద కూర్చుని నా కాలు ఒళ్ళోకి లాక్కుంది. అంత గొప్ప బూట్లేసుకున్న కుర్రాడు ఇంత తేలిక చెప్పుకి ఓడిపోయాడే అని నాకు నవ్వొచ్చింది.

“వర్జ్యం ఉందేమో చూశావా?” అన్నాను.

“ఉంటే ఏటి? నాను బయటే ఉన్నాను కదా” అంది.