సైరన్ లేని ఊళ్లో మా పాట

బెల్లంపల్లిలో మాకు హార్మోనియం లేదు, గురువు లేడు, సిగ్గు అసలే లేదు. ముగ్గురం, ముగ్గురికీ పదిహేనేళ్లు. ఒకే పాటను మూడు స్థాయిల్లో కలిపి పాడొచ్చని మాలో ఒకడు, చర్చిలో పాడే గుమాస్తా కొడుకు, నేర్పాడు. వాడు కింద, మా పక్కింటివాడు మధ్యలో, నేను పైన.

"ముగ్గురు కలిసి ఒక్క పాట సక్కగ పాడరాదా?" అనేది మా అవ్వ.

శ్రుతి మా ఊరి బొగ్గు గని ఇచ్చేది. సాయంత్రం నాలుగింటికి షిఫ్టు సైరన్ లేచి ఒకచోట నిలబడగానే పక్కింటివాడు ఆ స్వరం పట్టుకునేవాడు, మేమిద్దరం వాడిని పట్టుకునేవాళ్లం. కాలనీలో నాలుగు పెళ్లిళ్లలో పాడేసరికి మా కాళ్లు నేల మీద ఆనలేదు.

హుజూరాబాద్‌లో పక్కింటివాడి మేనమామ కూతురి పెళ్లి వచ్చింది. పాట నచ్చితే వాడిని తన దగ్గరే ఉంచుకుని సంగీతం మాస్టారు దగ్గర చేర్పిస్తానన్నాడు మేనమామ. లేకపోతే వాడికి గనే గతి.

పందిట్లో నిలబడి ముగ్గురం చెవులు రిక్కించాం. ఆ ఊళ్లో గని లేదు, సైరన్ ఎక్కడిది? ఈ ముక్క బస్సెక్కేముందు ఒక్క బుర్రకీ తట్టలేదు. పక్కింటివాడు స్వరం వెతుక్కుంటుండగానే, గొప్పకు పోయి నేను అందుకున్నాను, ఆకాశమంత ఎత్తులో. మిగతా ఇద్దరూ తలోదారిన పడ్డారు.

"ఏం పొల్లగాండ్లురా, లొల్లి పెట్టుకున్నరా?" అన్నాడొక పెద్దమనిషి. పందిరంతా నవ్వింది.

"ముందుగాల ఎవడు చెడగొట్టిండు?" అన్నాడు మేనమామ.

నేను పక్కింటివాడి వైపు చూపించాను. వాడు నన్ను చూసి తల దించుకున్నాడు. తిరుగు బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. మళ్లీ కలిసి పాడలేదు.

వాడు గనిలో చేరాక ఒకరోజు గేటు దగ్గర ఎదురయ్యాడు. ఏళ్లుగా నన్ను తొలుస్తున్న మాట అక్కడే కక్కేశాను. "ఆ దినం చెడగొట్టింది నేనేరా."

"పక్కకే నిలవడ్డ గదరా, నాకెర్కలేదా?" అన్నాడు.

"మరెందుకు చెప్పకపోతివి?"

"మామ నిన్ను కొడతడనుకున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో నాలుగింటి సైరన్ మోగింది. వాడు నవ్వి, అలవాటుగా ఆ స్వరం అందుకుని నా వైపు చూశాడు. పై స్వరం నాది. నేను అందుకోలేదు. వాడు పాడుకుంటూనే గేటు లోపలికి వెళ్లిపోయాడు.